బావ పడవ మోటారు విప్పి పెట్టిన రోజు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఆదోనిలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసి బతికినవాణ్ణి. ఇంజన్ ఆగిందంటే దానికో కారణం ఉంటుంది, తిరిగిందంటే దానికీ ఒకటుంటుంది. అంతకు మించి ఈ లోకంలో ఇంకేదో ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ బయట చెప్పుకోలేదు.

ఎనభైల మొదట్లో జరిగింది. మా అక్క మాబున్నీని ఎమ్మిగనూరు అవతల, తుంగభద్ర ఒడ్డునున్న పల్లెకు ఇచ్చాం. బావ మౌలాలి పడవ నడిపేవాడు. ఎక్కడో డ్యాం పని ముగించుకుని పోతున్న ఒక కాంట్రాక్టరు దగ్గర, పడవ వెనక తగిలించే పెట్రోలు మోటారు పాతది కొన్నాడు. చుట్టుపక్కల అందరివీ తెడ్డు పడవలూ, గుండ్రటి బుట్టల్లాంటి పుట్టిలే కాబట్టి బావకు కాస్త గొప్ప కూడా ఉండేది. ఒడ్డు దగ్గర పడగానే మోటారును రెండుసార్లు ఆపినట్టు చేసి మళ్ళీ పెంచేవాడు. అది అక్కకు గుర్తు. వెంటనే పొయ్యి మీద ఎసరు పెట్టేది.

ఒక ఏడాది ఏరు పొంగింది. ఏటి మధ్య గడ్డ మీద చిక్కుకున్న గొర్రెల కాపర్ల కోసం బావ బయలుదేరాడు. పెట్రోలు లేదు. మోటారు ఇంట్లోనే వదిలి పుట్టి వేసుకుని పోయాడు. పుట్టి బోర్లాపడి దొరికింది. మనిషి దొరకలేదు.

శవం కనబడలేదు కాబట్టి అక్క నమ్మలేదు. భర్త పోయిన ఆడమనిషి మాలో కొన్నాళ్ళు గడప దాటకుండా ఇద్దత్ కూర్చోవాలి. పెద్దలు ఎంత చెప్పినా కూర్చోలేదు, గాజులు తియ్యలేదు. రెండేళ్ళు చూసి నేనే ఆదోనికి తీసుకొచ్చాను. వస్తూ వస్తూ గోనెపట్టాలో చుట్టిన ఆ మోటారును కూడా బస్సు మీదికి ఎక్కించింది.

"దీన్ని బాగు చెయ్ తమ్ముడూ. మీ బావ వచ్చినంక పనికి పోవల్ల గదా" అంది.

సరేనన్నాను. పగలంతా షాపులో ఇంజన్లతో కుస్తీ, ఇంటికొస్తే ఈ మోటారు. పిస్టన్ పట్టేసింది. కార్బొరేటర్లో పెట్రోలు బంకలా గడ్డకట్టింది. ఆయిల్ ఇంజన్ల అలవాటుకొద్దీ దీనికి నూనె ఎక్కడ పొయ్యాలా అని తెగ వెతికాను. పెట్రోలులోనే కలపాలని ఒక స్కూటర్ మెకానిక్ నవ్వుతూ చెప్పాడు. పైగా నీళ్ళలో దించకుండా తిప్పితే మోటారు పాడవుతుంది. ఆదోనిలో నీళ్ళెక్కడివి? కొళాయి వచ్చిన రోజు పెరట్లో రాతి గాబు నింపి, దాంట్లో మోటారు దించి తాడు లాగేవాణ్ణి. పక్కింటి చెన్నమ్మ బిందె పట్టుకుని గోడ అవతలి నుంచి తిట్టేది.

"తాగనీకి సుక్క ల్యాదు, నీ మోటారుకు తానాలేందప్పా?"

అరచేతులు బొబ్బలెక్కాయి గానీ మోటారు ఒక్కసారి దగ్గనైనా దగ్గలేదు. నిజం చెప్పాలంటే మోటారు కంటే అక్కతోనే ఎక్కువ విసిగిపోయాను. ఆ ఎదురుచూపు చూడలేక, బావ ఇక రాడని ఎన్నోసార్లు అరవబోయి నోరు మూసుకున్నాను.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం. కరెంటు పోయి పత్తి జిన్నింగు మిల్లులు ఆగిపోయాయి. పేటంతా నిశ్శబ్దంగా ఉంది. మోటారు మొత్తం విప్పి పట్టా మీద పరిచాను. కార్బొరేటర్ కిరసనాయిలు గిన్నెలో ఉంది. ప్లగ్గు నా చేతిలో ఉంది, మసి గీకుతున్నాను. గాబు ఎండిపోయి ఉంది. అక్క కాస్త దూరంలో జొన్నలు చెరుగుతోంది.

అప్పుడు మోటారు మోత వినబడింది.

దూరం నుంచి దగ్గరికి వస్తోంది. లారీ మోత, ఆయిల్ ఇంజన్ మోత, మోటార్ సైకిల్ మోత నేను నిద్రలో అడిగినా విడివిడిగా చెప్పగలను. ఇది నీళ్ళను బుడబుడలాడిస్తూ వచ్చే పడవ మోటారు మోత. వీధిలోకి పరుగెత్తి చూశాను. ఎద్దుల బండి కూడా లేదు. చెన్నమ్మ కూడా బయటికి వచ్చింది.

"ఏం బండప్పా అది? యాడ?" అంది.

నేను పెరట్లోకి తిరిగొచ్చేసరికి అక్క చేట పట్టుకుని నిలబడి ఉంది. మోత గాబు వైపు నుంచి వస్తోంది. రెండుసార్లు ఆగినట్టు ఆగి మళ్ళీ పెరిగింది. ఇక ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. మెల్లగా దూరం జరుగుతూ, సన్నబడుతూ, చెవికి అందకుండా పోయింది. మోటారు ముక్కలన్నీ పట్టా మీద ఎక్కడివక్కడే ఉన్నాయి.

"పోతాండాడు" అంది అక్క. గాబు వైపే చూస్తూ, "పోనీలే తమ్ముడూ. ఎన్ని దినాలని ఆడ్నే నిలబడుకోని ఉంటాడు" అంది.

చేట కింద పెట్టి తన గాజులు తనే తీసేసింది. అప్పుడు ఏడ్చింది. బావ పోయినప్పటి నుంచి ఆమె కంట్లో నీళ్ళు చూడడం నాకు అదే మొదలు. నేనూ ఏడ్చాను. ఆ సాయంత్రమే ఇద్దత్ కూర్చుంది.

తర్వాత మోటారు బిగించాను. ప్లగ్గులో నిప్పురవ్వ బాగానే వస్తోంది, పెట్రోలు అందుతోంది, అయినా తిరగలేదు. చివరికి పాత ఇనుము వాడికి ఇచ్చేశాను. ఆ రోజు వినబడింది రైలు పట్టాల మీద పోయే ట్రాలీ మోత అయ్యుంటుందని తెలిసిన ఒకాయన అన్నాడు. అయ్యుండొచ్చు. అది రెండుసార్లు ఎందుకు ఆగిందో ఆయన చెప్పలేకపోయాడు. ఆ మోత ఎక్కడిదో ఇప్పటికీ నాకూ తెలియదు.

అక్క ఏటా బావ పేరున, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతెహా చదివిస్తుంది. ఏరు పొంగిన రోజున కాదు, ఆ మోత వినబడిన రోజున. దినం తప్పు కదా అని బంధువొకాయన ఒకసారి గట్టిగానే అడిగాడు.

"ఆ పొద్దే గదప్పా పోయింది" అంది అక్క.

నేను పక్కనే ఉన్నాను. కాదనలేదు.