మూడు చిన్న కుప్పలు

నాలుగేళ్ల వయసులో వచ్చిన జ్వరం నా కుడి చేతిని చచ్చుబడేలా చేసి పోయింది. చెయ్యి భుజానికి వేలాడుతూ నాతోనే తిరుగుతుంది గాని, పని చేయదు. మా బాపు దాన్ని అత్తారింట్లోనే ఉండిపోయే ఇల్లుటపు అల్లుడనేవాడు. తిండి పెట్టాలి, పని మాత్రం చెప్పకూడదట.

పెళ్లయ్యాక బెల్లంపల్లిలో గని క్వార్టర్‌లో కాపురం పెట్టాం. రోజుకో ముచ్చట జరిగేది. బిందె జారి ఇల్లంతా తడిసేది. పప్పు దించబోతే సగం పొయ్యి పాలయ్యేది. నేను నవ్వేసి ఊరుకునేదాన్ని. మా ఆయన గనిలోంచి వచ్చి, తడి నేల చూసి, ఏమీ అడగకుండా జాగ్రత్తగా అడుగులేసుకుంటూ లోపలికి వచ్చేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు అత్తమ్మ చొప్పదండి దగ్గరి పల్లె నుంచి వచ్చింది. నెల రోజులు చూస్తానని, ఇల్లు నడపడం నాతో కాదనిపిస్తే నన్ను ఊరికి తీసుకుపోయి తన దగ్గరే ఉంచుకుంటానని కొడుకుతో ముందే చెప్పింది. చెడ్డ మనిషి కాదు. పొయ్యి దగ్గర నాకేమన్నా అవుతుందని ఆమె భయం. కాని నాది అనుకునే ఇల్లు నాకు అప్పుడే మొదటిసారి దొరికింది. దాన్ని వదులుకోవడం నావల్ల కాదు.

ఆమె చూస్తున్నదంటే చాలు, ఉన్న ఒక్క చెయ్యీ తడబడేది. ఎడమ చేత్తో వడ్డిస్తే తప్పు పడుతుందేమోనని, కుడి చెయ్యి కూడా గిన్నెకు తగిలేలా వంగి చారు పోయబోయాను. అది కాస్తా ఆమె ఒళ్లో పడింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

అసలు గండం బొగ్గుతో వచ్చింది. పచ్చిబొగ్గు పొయ్యిలో వేస్తే ఇల్లంతా పొగే. అందుకే మా క్వార్టర్ల వరసలో అందరూ దాన్ని వాకిట్లో కుప్ప పోసి అంటించేవాళ్లు. పొగంతా పోయి కుప్ప ఎర్రబడగానే ఒక్కసారిగా రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి ఆర్పేవాళ్లు. ఆ కాలిన బొగ్గే వారమంతా పొయ్యికి. మా ఇంట్లో ఆ పని మా ఆయనది. అత్తమ్మ ముందు నా సత్తా చూపాలని, ఆయన డ్యూటీకి పోయాక పెద్ద కుప్ప పోసి అంటించాను. తీరా నిండు బకెట్ నా చేతికి లేవలేదు. చెంబుతో పోస్తూ ఉరికాను. నేను ఒక పక్క ఆర్పేలోగా రెండో పక్క బూడిదైంది. సగం తడిసిన బొగ్గు పొగ వరసంతా కమ్మింది. ఇళ్లలోంచి అందరూ దగ్గుకుంటూ బయటికొచ్చారు. నా మొహమంతా మసి. నాకు మళ్లీ నవ్వొచ్చింది.

"పొయ్యిలకు బొగ్గు లేదు. నీకు నవ్వెట్ల అస్తుంది బిడ్డా?" అంది అత్తమ్మ.

"నవ్వకపోతే ఏడుస్త అత్తమ్మా. ఏడిస్తే నువ్వు నన్ను ఊరికి తోల్కపోతవ్."

సాయంత్రం ఆమె కొడుకుతో, నన్ను తీసుకుని ఎల్లుండి బండికి పోతున్నానని చెప్పింది. ఆయన నా వైపు చూసి తల దించుకున్నాడు. అంత కోపం ఆయన మీద నాకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

తెల్లారి బూడిద ఎత్తుతుంటే తోచింది. తప్పు చేతిది కాదు. రెండు చేతులున్నవాళ్ల కుప్ప నేనెందుకు పోయాలి? మిగిలిన పచ్చిబొగ్గును మూడు చిన్న కుప్పలు చేసి, కాసేపటికొకటి చొప్పున అంటించాను. ఒక్కోదానికి అర బకెట్ నీళ్లు చాలు, అర బకెట్ నేను లేపగలను. మూడూ ఆరేసరికి మిట్టమధ్యాహ్నమైంది గాని, బొగ్గంతా దక్కింది. అత్తమ్మ గడప మీదే కూర్చుని చూసింది. ఒకసారి సాయానికి లేచింది. వద్దన్నాను. నా చీర కొంగు అంచు కాలినప్పుడు కూడా గడప దిగలేదు.

ప్రయాణం రోజు పొద్దున్నే ఆమె బట్టలు మూట కట్టడం చూసి, నేను కూడా నా పెట్టె కిందికి దించాను. పోనని పంతం పట్టడానికి కూడా ఓపిక లేదు.

"అదెందుకు దించినవ్?" అంది. "నేనొక్కదాన్నే పోత. నిన్న మూడు కుప్పలు నువ్వొక్కదానివే ఆర్పినవ్. నేను చూస్తుంటెనే నీ చెయ్యి తడబడుతుంది, నాకెరుకైంది. నీ ఇల్లు నువ్వు చూస్కో బిడ్డా."

మా ఆయన ఆమెను స్టేషన్‌కు తీసుకుపోయాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా నవ్వు మొహంతోనే నిలబడ్డాను. తర్వాత తలుపేసుకుని, పొయ్యి ముందు కూలబడి, నెల రోజుల ఏడుపంతా ఏడ్చాను. ఆ పూట అన్నం మాడింది. ఇద్దరం అదే తిన్నాం.