వేలి మీద చుక్కంత చిల్లు

2023లో, దసరాకి ముందు రోజు. గాజువాకలో మా ఆసుపత్రి క్యాజువాలిటీలో పగటి డ్యూటీలో ఉన్నాను. పండగ ముందు మాకు ఎలాంటి కేసులు వస్తాయో ముందే చెప్పేయవచ్చు. బూజు దులుపుతూ స్టూలు మీంచి పడినవాళ్ళు, గుమ్మడికాయ కొట్టబోయి చెయ్యి కోసుకున్నవాళ్ళు, బళ్ళు కడుగుతూ జారిపడినవాళ్ళు. ఆ రోజు ట్రయాజ్ నాది. వచ్చినవాళ్ళలో ఎవరిని ముందు చూడాలో, ఎవరు కాసేపు ఆగవచ్చో తేల్చే పనిని ట్రయాజ్ అంటారు. తిట్లు ఎక్కువ, మెచ్చుకోళ్ళు తక్కువ ఉండే సీటు అది.

ముప్పై అయిదేళ్ళ మనిషి నవ్వుతూ వచ్చాడు. లుంగీ మోకాళ్ళ దాకా తడిసి ఉంది. పేరు ఎల్లాజీ. వెనకాలే అతని భార్య నూకరత్నం.

“సిస్టరు, ఓ టీటీ సూది ఏసీండి, ఎల్లిపోతాను. బండి సగం కడిగి వదిలీసొచ్చినాను” అన్నాడు.

ఎడమ చేతి చూపుడువేలు చాపాడు. వేలి కొసకి కాస్త కింద బాల్ పెన్నుతో పెట్టినట్టు చిన్న చుక్క ఉంది. రక్తం కూడా లేదు. గాయాన్ని చూసి వరస నిర్ణయించేటట్టయితే అతన్ని అందరికన్నా వెనక కూర్చోబెట్టాలి.

“ఏటి తగిలింది?” అని అడిగాను.

“నీల్లే సిస్టరు.”

వివరం చెప్పమంటే సంబరంగా చెప్పుకొచ్చాడు. ఇన్నేళ్ళూ ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు వేసుకుని పరాయివాళ్ళ బళ్ళు నడిపాడు. ఆ నెలలోనే సెకండ్ హ్యాండులో ఒక చిన్న ట్రక్కు కొనుక్కున్నాడు. పాత యజమాని దానిలో సిమెంటు తోలేవాడట. బాడీ కింద గడ్డకట్టిన సిమెంటు మామూలు నీళ్ళకి ఊడక, వాళ్ళ బావ దగ్గర నీళ్ళని మహా జోరుగా చిమ్మే ప్రెషర్ వాషర్ అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. మర్నాడు బండికి పూజ.

“సర్వీసింగ్ షెడ్డుకి తోలుకెళ్ళలేకపోయావా?”

“సొంత బండి సిస్టరు. మన గుమ్మం ముందర మన సేత్తో కడుక్కుంతేనే గదా.”

కడుగుతుండగా నీళ్ళు ఒకటే సన్నటి ధారగా పడుతున్నాయట. కాస్త చెదిరి పడితే బాగుండునని నాజిల్ మూతికి వేలు అడ్డం పెట్టాడు. “రబ్బరు పైపుకి ఎట్టినట్టు ఎట్టీసినాను. అలవాటు” అన్నాడు. నవ్వలేకపోయాను. మొక్కలకి నీళ్ళు పట్టేటప్పుడు నేనూ అదే చేస్తాను. పైపుతో బండి కడిగే ప్రతి చెయ్యీ అదే చేస్తుంది. అయితే ఆ మిషన్లోంచి వచ్చే నీళ్ళు చర్మం దగ్గర ఆగవు.

వేలు మెల్లగా నొక్కి చూశాను. చర్మం కింద సన్నగా చిటపటమంది. నీళ్ళతో పాటు గాలి కూడా లోపలికి దూరిందన్నమాట. వేలి మొదలు బిగుసుకుని ఉంది, అరచేతిలో వాపు మొదలైంది. కొస తిమ్మిరిగా ఉందన్నాడు. దీన్ని మేము హై ప్రెషర్ ఇంజెక్షన్ ఇంజురీ అంటాం. పైకి కనిపించేది సూదిమొనంత చిల్లు. లోపల మాత్రం నీళ్ళు, మట్టి, వాటితో పాటు సూక్ష్మక్రిములు వేలి నరాల వెంట ఎంత దూరం పోయాయో పైనుంచి తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో గ్రీజు గన్నుతో ఇలాగే చిల్లు పడిన ఒక మెకానిక్‌ని చూశాను. పాపం, నొప్పి భరించలేనంత అయ్యాక వచ్చాడు. అతని వేలు దక్కలేదు. అందుకే ఎల్లాజీని అందరికన్నా ముందు లోపలికి పంపాను. బెంచీ మీద ఉన్నవాళ్ళు నన్ను అనాల్సినవన్నీ అన్నారు.

డ్యూటీ డాక్టరు గారు చూసి వెంటనే ఎక్స్‌రే తీయించారు. అరచేతి దాకా గాలి నల్లటి మచ్చలుగా కనిపించింది. చేతి సర్జన్‌కి ఫోను చేసి, ఈ రోజే తెరిచి కడగాలని చెప్పారు. ఎల్లాజీ బల్ల దిగి చెప్పులు వేసుకున్నాడు.

“ఆపరేసనా? ఈ సిల్లుకా? జెల్ల సేప ముల్లు దిగితే దీనికంటే పెద్ద సిల్లు పడుద్ది. అప్పుడే రాలేదు ఆస్పత్రికి.”

“ముల్లు దిగిన చోటే ఉంటాది. ఈ నీళ్ళు అరచేతి దాకా పోయాయి” అన్నాను.

“పండగెల్లాక వత్తాను. లోడు ఒప్పుకున్నాను సిస్టరు, మొదటి లోడు.”

“ఆ వేలు పోతే గేరు దేంతో వేస్తావు?”

“మీకు కేసులు కావాల, అంతే.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇలాంటి మాట ఎన్నిసార్లు విన్నా నాకు అలవాటు కాలేదు. మంచిగా చెప్పాను, గట్టిగా చెప్పాను. డాక్టరు గారు చెప్పారు. మేము చెప్పినకొద్దీ అతను గుమ్మం వైపు జరుగుతున్నాడు.

అప్పటిదాకా నోరెత్తని నూకరత్నం మాట్లాడింది. ఆమె బజార్లో చేపలమ్ముతుంది.

“మావా, వేలంలో సేప పాడినప్పుడు పైన తళతళ్ళాడతంది గదాని పాడీసి తెచ్చీమంతావా?”

“ఇప్పుడు అదేటి?”

“సెప్పు. తెచ్చీమంతావా?”

“మొప్ప ఎత్తి సూడమంతాను.”

“డాట్రుబాబు గూడా ఎత్తి సూత్తానంతన్నాడు. కూకో.”

ఎల్లాజీ ఆమె ముఖం చూశాడు, తన వేలు చూసుకున్నాడు. చెప్పులు విడిచి బల్ల ఎక్కాడు. అప్పటికే అరచెయ్యి పూరీలా ఉబ్బుతోంది. నూకరత్నానికి దణ్ణం పెట్టాలనిపించింది. అరగంట వాదించి మేమిద్దరం చెయ్యలేని పని ఆమె చేసిపెట్టింది.

సెలైను, యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. చెయ్యి ఎత్తు మీద ఉంచాం. సర్జన్ గారు ఇంట్లో పండగ పని వదిలేసి వచ్చారు. ఆయన చేసిన దాన్ని డిబ్రైడ్‌మెంట్ అంటారు. గాయం తెరిచి, చెడినది తీసేసి, లోపలంతా కడగడం. అరచేతి మధ్య దాకా మురికి నీళ్ళు, వాటితో సిమెంటు రవ్వలు బయటపడ్డాయి. “పండగ అయ్యాక వచ్చి ఉంటే వేలు సంగతి చెప్పలేకపోయేవాణ్ణి” అన్నారు ఆయన, గ్లవ్స్ తీస్తూ.

మర్నాడు సగం కడిగిన బండికే నూకరత్నం పసుపు రాసి, బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించింది. వీడియో కాల్లో ఎల్లాజీ అంతా చూశాడు. కట్టు కట్టిన చెయ్యి ఎత్తి పెట్టుకునే “ఆ బంతిపూలు అద్దానికి అడ్డొత్తన్నాయి, పక్కకి జరపండి” అని మంచం మీంచి అజమాయిషీ చేశాడు. మొదటి లోడుకి వాళ్ళ బావ బండి తోలాడు.

ఆ వేలు వంగడానికి చాలా వారాలు పట్టింది. ఫిజియోథెరపీకి వచ్చినప్పుడల్లా నొప్పికి ఏడ్చినంత పని చేసేవాడు గానీ ఒక్కసారీ మానలేదు. బండి తోలడం మొదలుపెట్టాక ఒక రోజు నా టేబుల్ దగ్గరికొచ్చి, ఎడమ చేతిని గాలిలో ఆడిస్తూ ఒకటో గేరు నుంచి అయిదో గేరు దాకా వేసి చూపించాడు. నాకు కళ్ళు చెమర్చాయి. పేషంట్ల ముందు నేను కన్నీళ్ళు పెట్టను. ఆ రోజు ఆపుకోలేకపోయాను.

కిందటేడు, అవుట్‌పేషంట్లతో కిటకిటలాడుతున్న ఉదయం, హార్బర్లో బోటు ఇంజన్లు బాగుచేసే నడివయసు మనిషి ఒకాయన నేరుగా నా దగ్గరికి వచ్చాడు. బొటనవేలు చూపించాడు. ఇంజన్లోంచి జోరుగా చిమ్మిన డీజిల్ ధార తగిలిందట. నీళ్ళకన్నా అది ఇంకా ప్రమాదం. పైకి కనిపిస్తున్నది మాత్రం ఒక చుక్క.

“ఎంతసేపయింది?”

“ఇప్పుడే సిస్టరు. ఆటో ఎక్కి వచ్చీసినాను. ఎల్లాజీ పంపించినాడు.”

ఎల్లాజీ హార్బర్లో కనిపించిన ప్రతి డ్రైవరుకీ, ప్రతి మెకానిక్కుకీ అరచేతి మీద కుట్ల గీత చూపించి కథంతా చెబుతాడట. వినకపోతే వదలడట.

డాక్టరు గారిని పిలుస్తూనే, ఇంత చిన్న దెబ్బకి మీరు వెంటనే ఎలా బయలుదేరారని అడిగాను.

“ఎంత సిన్నగుంతే అంత బేగి ఎల్లమన్నాడు సిస్టరు” అన్నాడాయన.

ఆయన బొటనవేలు దక్కింది. ఇప్పుడు ట్రయాజ్ నేర్చుకోవడానికి వచ్చే కొత్త నర్సులకి, గాయం ఎంత ఉందో చూసే ముందు ఎలా అయిందో అడగమని చెప్తాను. ఆ తరవాత ఎల్లాజీ మాట చెప్తాను, అతని పేరుతోనే.