కాలువ గట్టున వదిలిన సైకిల్

డెబ్బయ్యేళ్ల వయసులో, నా బరువైన పాత సైకిల్ మీద తెనాలి నుంచి రేపల్లెకు పందెం వేసి, మా అల్లుడి తేలికపాటి కొత్త సైకిల్‌ను ఓడించాను.

సరే, కాస్త పెంచాను లెండి. ఊరు దాటకముందే అతను కనుమరుగయ్యాడు. నేను తీరిగ్గా తొక్కుతుంటే కాలువ పక్కనున్న ఇంటి రైతు, "ఎండగా ఉంది బాబాయ్, మజ్జిగ తాగి వెళ్లండి" అన్నాడు. ఫోను సైకిల్ సంచిలోనే వదిలి వెళ్లాను. మజ్జిగ కాస్తా భోజనమైంది.

అరుపులు విని ఎంగిలి చేత్తో బయటికొచ్చాను. నన్ను వెతుక్కుంటూ వెనక్కొచ్చిన అల్లుడు, గట్టున నా సైకిల్ చూసి, మొలలోతు నీళ్లలో దిగి "మామయ్యగారూ!" అని ఏడుస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రానికి ఇద్దరం కలిసే రేపల్లె చేరాం. నెమ్మదిగా తొక్కే సుఖం నేనింకా వదల్లేదు. ఎక్కడ ఆగినా ముందు ఫోన్ మాత్రం చేస్తున్నాను.

ఇది చదివి మా ఆవిడ అంది: "రేపల్లె ఏంటండీ! తడిబట్టలతోనే అల్లుడు మిమ్మల్ని ఆటోలో తెచ్చి మన గుమ్మంలో దించాడు."