అక్క కంటి నీలం

శుక్రవారం. పొద్దటి నుంచి ముసురు. డాబా మీది నీళ్ల ట్యాంకు కడిగాను. పక్కింటి అక్క చనిపోయి ఇవాళ్టికి ఎనిమిది రోజులు.

ఆమెను ఎరగనివారికి ముందు ఆమె ముఖం చెప్పాలి. కుడి కన్ను చుట్టూ, కణత దాకా, నీలం మచ్చ. కంటి తెల్లగుడ్డులోనూ ఆ నీలం కొంత ఉండేది. పుట్టుకతో వచ్చింది. కొత్తగా చూసినవారికి మాత్రం నిన్ననే ఎవరో గుద్దినట్టుండేది.

ఇబ్రహీంపట్నంలో ఆమె పక్కగదిలో నేను అద్దెకు దిగినప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆమె భర్తను బావా అని పిలుస్తూనే అనుమానంగా చూసేవాణ్ని. గోడ అవతల ఏదైనా పడితే పని ఆపి వినేవాణ్ని.

అక్క కనిపెట్టింది. "మీ బావ నన్ను కొట్టుడా? బొద్దింకను కొట్టాలన్నా నన్నే పిలుస్తడు" అని నవ్వింది. నవ్వి కప్పిపుచ్చుతోందనుకున్నాను.

ఆమె జాకెట్లు కుట్టేది. మంచాల బస్సు దిగి ఆడవాళ్లు బట్ట తెచ్చేవారు. కొలతలకు పాత పేపర్లు కత్తిరించి, మిగిలిన ముక్కలు నాకిచ్చేది. బడికి పోని నేను వాటి మీదే చదువు నేర్చుకున్నాను. జాకెట్టు మెడ కోసం కోసిన చోట మాటలు పోయిన వార్తలవి. ఎక్కడైనా ఆగిపోతే, మిషన్ ఆపకుండానే అనేది: "అడుగు తమ్మీ. అడిగితె ఒక్కపారి సిగ్గు, అడగకుంటె రోజూ అనుమానం."

అక్షరాలు అడిగాను. బావ సంగతి అడగలేదు.

రెండేళ్ల కిందట ఆమెకు తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. పట్నంలో దవాఖానకు ముగ్గురం వెళ్లాం. డ్యూటీ డాక్టరు ఆమె కన్ను చూశాడు. స్కానింగులో తల లోపల రక్తం చేరినట్టుందన్నాడు. బావను బయటికి పంపి నన్నడిగాడు. "ఈయన కొడతాడా?"

"తెల్వదు సార్" అన్నాను.

కొట్టడు అనవలసిన చోట తెల్వదు అన్నాను. పోలీసులకు రాయాలంటూ డాక్టరు కాగితం తీశాడు. అద్దం తలుపు అవతల బావ ఆమె చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అంతలో పెద్ద డాక్టరమ్మ వచ్చి అక్క రెప్ప ఎత్తి చూసింది. ఇది దెబ్బ కాదు, పుట్టుమచ్చ అంది. వేరే స్కానింగు తీయించింది. లోపలిదీ రక్తం కాదు, నల్లటి గడ్డ. చర్మానికి రంగునిచ్చే కణాలు ఇలాంటి మచ్చ ఉన్నవారిలో కొందరికి మెదడు పొరల్లోనూ ఉంటాయట. ఎక్కడో ఒకరికి అవి గడ్డ కడతాయట. ఆపరేషన్ చేసి తీశారు. తర్వాత మళ్లీ పెరిగింది.

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక, గుండు మీద కొంగు కప్పుకుని అక్క నన్ను పిలిచింది.

"ఆనాడు కండ్లు మూసుకున్న గని చెవులు మూసుకోలే. తెల్వదన్నవ్ గదా?"

కింద రాలిన పేపరు ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

"ఇన్నేండ్లు గోడకు చెవి పెట్టినవ్, ఇంకా తెల్వదా? మీ బావకు నేను చెప్పలే. నువ్వే చెప్పాలె."

చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు. జాకెట్టు మెడ తిప్పుతూ ఒకసారి నా వైపు చూసేది, అంతే.

ఇవాళ దినాలకు పెట్టే ఫోటో బస్టాండు దగ్గరి స్టూడియో నుంచి వచ్చింది. ముఖం మీద మచ్చ లేదు. బావ చాలాసేపు చూశాడు.

"ఇదెవలు?" అన్నాడు. తర్వాత, "పోయి మచ్చ పెట్టించుకరా బామ్మర్ది. ఎంతవరకు ఉంటదో నీకు తెలుసు గదా" అన్నాడు.

తెలుసు అన్న మాట ఎందుకన్నాడో దారంతా ఆలోచించాను.

"దెబ్బ తుడిచి మంచిగ చేసిన గదనే" అన్నాడు స్టూడియో ఆయన.

"దెబ్బ కాదు" అన్నాను.

పక్కన కూర్చుని ఎంతవరకో చూపించాను. నీలం మళ్లీ కణత దాకా వచ్చింది. ఫ్రేము కట్టించి తెచ్చేసరికి బావ గడపలోనే ఉన్నాడు. ఫోటో చేతికిచ్చాను.

"బావా, దవాఖానల డాక్టరు ఆనాడు నన్నొక మాట అడిగిండు" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. అద్దం మీది చినుకులను తువ్వాలతో తుడుస్తూ, కంటి దగ్గరికి వచ్చేసరికి మెల్లగా అద్దాడు. "కొట్టడు అనకుండ తెల్వదన్న బావా" అన్నాను.