బిగిసిన చేతికి ఒక కథ

నిన్న నా అంగడికి వచ్చిన గాజుల పెట్టె మూత తీయగానే ఎండుగడ్డి వాసన గుప్పుమంది. ఇప్పుడంతా అట్టపెట్టెల్లోనే వస్తోంది సరుకు. ఈ పంపినాయన ఎవరో పాతకాలం మనిషిలా ఉన్నాడు, గడ్డి కూరి పంపాడు. అసలైతే నేను వెంటనే ఫోన్ చేసి, విరగని గాజులు కూడా విరిగాయని చెప్పి, ధర తగ్గించమని గొడవ పెట్టుకోవాలి. అది మానేసి గుప్పెడు గడ్డి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుండిపోయాను. నాగరత్నం పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె అంగడికి గాజులు ఇట్లా గడ్డిలోనే వచ్చేవి.

ఎనభైల్లో, తమిళ సీమలోని ధర్మపురి బజారులో మా నాన్న కిరాణా అంగడి పక్కనే ఆమె గాజుల అంగడి. మాకు చుట్టరికం ఏమీ లేదు. రెండు అంగళ్లకూ గోడ ఒకటే కాబట్టి పెద్దమ్మ అయింది. మా ఇళ్లలో తెలుగు, గడప దాటితే తమిళం. ఆమె మాత్రం ఏ భాష మనిషి చెయ్యి చాపితే ఆ భాషలోకి దిగిపోయేది. బడి చదువు ముగిశాక నేను ఆమె దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. కందిపప్పు తూచడం కన్నా గాజులు అమ్మడం మర్యాదగా ఉంటుందని నా లెక్క. పైగా బేరం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ధర తగ్గించకుండానే తగ్గించినట్టు నమ్మించేదాన్ని. వచ్చినవాళ్లు నవ్వుకుంటూ వెళ్లేవారు, నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

కానీ గాజులు అమ్మడం వేరు, తొడగడం వేరు. మట్టిగాజు చేతికి ఒద్దికగా ఉండాలంటే ఇరుకుగా ఉన్నదే ఎంచుకోవాలి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపులు నొక్కి, ఒడుపుగా జారవిడవాలి. భయంతో చెయ్యి బిగిస్తే గాజు చిట్లుతుంది. అందుకే పెద్దమ్మ చెయ్యి పట్టుకోగానే ఏదో ఒకటి చెప్పేది. పెళ్లిరోజు పీటల మీద నిద్రపోయి పక్కకు ఒరిగిపోయిన సంగతి, సంతలో వేరే ఆయన్ని మొగుడనుకుని సంచి చేతికిచ్చి మోయమన్న సంగతి. విన్నావిడ నవ్వేది. నవ్వినప్పుడు చెయ్యి వదులయ్యేది. ఆ క్షణంలో గాజు ఎక్కేది. నాకు మాత్రం అరడజను తొడిగితే ఒకటైనా విరిగేది.

సాయంత్రం అంగడి సర్దుతూ ఆమె రోజూ అడిగేది, "ఏమే పాపా, ఈపొద్దు నీకేమి జరిగినాది?"

"ఏమీ జరగలేదు పెద్దమ్మా."

"జరగకుండా ఎట్లుంటాది? ఎవరన్నా నిన్ను ఏమార్చినారా? యాడన్నా మొహం చిన్నబోయినాదా?"

"అదంతా ఒక కథా? ఎవరన్నా వింటే నవ్విపోతారు."

"నవ్వేదానికే కదే అడుగుతాండాను!"

నాకు తల తిరిగేది. కథంటే రాజులుండాలి, దయ్యాలుండాలి, కనీసం ఎవరో ఒకరు ఏట్లో కొట్టుకుపోవాలి. అంగడికీ ఇంటికీ మధ్య తిరిగే నాకు ఏం జరుగుతుంది?

అప్పటికే ఆమె వేళ్లు కీళ్లవాతంతో వంకరపోతున్నాయి. ఒకరోజు సూటిగా చెప్పింది. "బేరం నీకు వచ్చినాది. చెయ్యి రాలేదు. దీపావళి లోపల రాకపోతే అంగడి మా తమ్ముని కొడుకుకి ఇచ్చేస్తాను. వాడు ప్లాస్టిక్ బకెట్లు పెట్టుకుంటాడంట." అటు చూస్తే బకెట్లు, ఇటు చూస్తే కందిపప్పు.

దీపావళి ఇంకా రెండు నెలలుందనగా, ఆవణి మాసంలో తుంబలహళ్లి నుంచి పిలుపు వచ్చింది. వసంత అనే అమ్మాయికి ఏడో నెల, గాజుల వేడుక. తమిళులు వళైకాప్పు అంటారు, మేమూ అదే మాట అంటాం. ఆమెకు అంతకుముందు ఒక కాన్పు నిలవలేదు. వేడుకలో గాజు విరిగితే అపశకునమని ఆ ఇంట్లో అందరి భయం. బయలుదేరాల్సిన రోజు పొద్దున పెద్దమ్మ వేళ్లు వాచి గుప్పిలి ముడుచుకోలేదు. "నువ్వు పోయి రా," అంది.

"విరిగితే?"

"విరిగితే నాకు అంగడి లేదు, నీకూ లేదు. పో."

తుంబలహళ్లిలో, వేడుక పందిట్లో కూర్చుని వసంత చెయ్యి అందుకుంటే చల్లగా, కొయ్యలా తగిలింది. చుట్టూ ఆడవాళ్లు నా వేళ్లనే చూస్తున్నారు. మొదటి గాజు కణుపుల దగ్గరే ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. భయంతో పెద్దమ్మ కథే ఎత్తుకున్నాను. "నా పెళ్లిరోజు ఏమయినాదంటే, పీటల మీదనే నిద్దరపోయి..."

"ఏమ్మా, నీకు పెళ్లెప్పుడయినాది?" అంది వసంత అత్తగారి తల్లి. "మెడలో ఏమీ లేదే? అది నాగరత్నం కథ. నా మనవరాలి పెళ్లిలో గాజులేస్తా చెప్పినాది."

అందరూ గొల్లుమన్నారు, వసంత తప్ప. ఆమె చెయ్యి ఇంకా బిగిసింది. గాజు కిర్రుమంది. ఇంక దాచుకోవడానికి పరువేమీ మిగల్లేదు. నోటికి వచ్చింది చెప్పాను.

"సరే అవ్వా, ఇది నాదే. పోయిన ఎండాకాలం తొప్పూరు కనుమలో కొండెక్కతా మా బస్సు ఆగినాది. ఇంజన్ కాగిపోయి నీళ్లు పోస్తాండారు. రోడ్డు పక్కన ఒక తాత, మామిడికాయల బుట్ట. సగం ధరకి అడిగితిని. తిట్టె. వెళ్లిపోతాండేట్టు నటిస్తిని. పిలిచె. మళ్లా తగ్గిస్తిని. చివరికి ఉండే చిల్లరంతా ఇచ్చి, బుట్టతో సహా గెలిచి, వెనక్కి తిరిగి చూస్తే..."

"బస్సు?" అంది అవ్వ.

"పోయినాది. నా సంచి, నా చెప్పులు దాంట్లోనే."

"చెప్పులు ఎందుకు ఇడిస్తివే?"

"సీటు పట్టుకుండేదానికి అవ్వా! తాతకి ఎద్దులబండి ఉండాది. ఊరిదాకా దింపమంటే, కూలి ఏమిస్తావనె. నా చేతిలో ఏముండాది? మామిడికాయలే. ఇంక ఆయప్ప మొదలుపెట్టె బేరం! కనుమ దాటేతలికి సగం పోయె. ఎండ ఎక్కువైనాదని ఎద్దులకి ఇంకొన్ని. నల్లంపల్లి వచ్చేతలికి బుట్ట కూడా ఆయప్పదే."

"ఇంట్లో ఏమి చెప్పినావు?" ఆ ప్రశ్న అడిగింది వసంత. అంతసేపటికి ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"కాయలు పుల్లగా ఉండాయి, కొనలేదంటిని."

వసంత ముందు మూతి బిగించుకుంది. తర్వాత ఆగలేక నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. గాజు ఎప్పుడు కణుపులు దాటిందో నాకే తెలియలేదు. మిగతావి ఒకదాని వెంట ఒకటి మణికట్టు చేరాయి. ఒక్కటీ విరగలేదు. ఆమె చెయ్యి నా చేతిలో వెచ్చబడింది.

తిరిగి వచ్చి పెద్దమ్మకు అంతా చెప్పాను. మామిడికాయల దగ్గరకు వచ్చేసరికి ఆమె వాచిన చేతులతోనే తొడ మీద కొట్టుకుని నవ్వింది. "ఇన్ని నెలలుగా ఇంత సొత్తు లోపల పెట్టుకోని, రోజూ ఏమీ జరగలేదు పెద్దమ్మా అంటాంటివే, పిసినారిదానా!"

మర్నాడు నేను వచ్చేసరికి ఆమె తన చోటు వదిలి పక్కకు జరిగి కూర్చుని ఉంది. బకెట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత ఎన్ని చేతులు పట్టుకున్నానో. పెద్దింటి చేతులు, పొలం పని చేసిన చేతులు, ఏడుస్తూ వచ్చిన చేతులు. నేను గెలిచిన సంగతులు చెబితే ఏ చెయ్యీ వదులు కాలేదు. నేను బోర్లాపడిన చోటు చెబితే, వాళ్లు కూడా తాము పడిన చోటు చెప్పడం మొదలుపెట్టేవారు. నా బతుకులో చెప్పుకోదగ్గది ఏదో తెలుసుకోవడానికి నాకు దొరికిన కొలత అదే. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. మొహం చిన్నబోయిన చోట వెతుక్కోమన్న ఆమె మాట మాత్రం నా వెంటే తిరుగుతోంది.

మొన్న సంతలో మునక్కాయల దగ్గర ఒక కుర్రవాడితో గంటసేపు వాదించి, కట్టకు రెండు కాయలు కొసరు గెలుచుకుని, గర్వంగా బయలుదేరాను. వీధి మలుపులో వాన అందుకుంది. అప్పుడు తెలిసింది, కొత్త గొడుగు వాడి దగ్గరే వదిలేశానని. వెనక్కి పరుగెత్తితే వాడు లేడు. మునక్కాయలు నెత్తిన అడ్డం పెట్టుకుని నిలువునా తడుస్తూ ఇంటికి నడిచాను. కోపం వచ్చిన మాట నిజమే. కానీ నాలుగు అడుగులు వేసేలోగానే, రేపు దీన్ని ఎవరి చెయ్యి పట్టుకుని చెబుదామా అని మనసు ఉబలాటపడసాగింది.