గ్రీకు దేవత చెంప మీది మచ్చ

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది. కువైట్‌లో, షువైఖ్‌లోని ఒక చిన్న ల్యాబ్‌లో నేను కన్జర్వేషన్ సైంటిస్టుని. పాత విగ్రహాలను పరీక్షించి, వాటి బాగోగులు చూడటం నా పని. మాది కడప. ఒకరోజు ఎగైలాలో ఒక ఇంటికి పిలిచారు. హాల్లో ప్రాచీన గ్రీకు దేవత పాలరాతి తల. ఎడమ చెంప మీద గోధుమరంగు మచ్చ.

"నా పనిమనిషే ఏదో పూసింది. రుజువైతే వెంటనే విమానం ఎక్కించేస్తాను," అంది ఇంటావిడ.

తలుపు దగ్గర ఆ పనిమనిషి, రాయచోటి రమణమ్మ వణికిపోతోంది. "నేను ముట్టను గూడా ముట్టలేదు మామా! నా బిడ్డల మీద ఒట్టు!" అంది ఇంటావిడతో, తనకొచ్చిన అరబీలో. ఇక్కడ పనివాళ్లు యజమానురాలిని 'మామా' అనే పిలుస్తారు. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది. "నువ్వన్నా చెప్పు మేడమ్. పిల్లోళ్లు సదువుకుంటాండారు. ఈ పని పోతే మేం ఎట్ల బతికేది?"

నాకు అసలే ఓపిక తక్కువ. వెంటనే పరికరాల పెట్టె విప్పి ఎక్స్‌ఆర్ఎఫ్ తీశాను. ఎక్స్‌ఆర్ఎఫ్ అంటే రాయిని గీకకుండానే అందులో ఏ మూలకాలున్నాయో చెప్పే యంత్రం. మచ్చ మీద పెడితే ఇనుము చూపించింది. భూతద్దంలో చూశాను. మచ్చ పైపైన లేదు, రాతి రేణువుల మధ్యకు దిగిపోయింది.

"ఇది మట్టిలో పూడి ఉన్నప్పుడు, ఆ మట్టిలోని ఇనుము శతాబ్దాల పాటు ఇంకి పట్టిన మచ్చ. ఎవరో పైన మైనం పూసి కప్పేశారు. ఆ పూత రాలిపోయి ఇప్పుడు బయటపడింది, అంతే!" అన్నాను.

రమణమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను.

కానీ పరీక్ష అక్కడితో అయిపోదు. లైట్లు ఆర్పి యూవీ దీపం వేయాలి. కంటికి ఆనని పూతలు, అతుకులు ఆ వెలుగులో మెరుస్తాయి. వేశాను. దేవత నుదుటి మధ్యన గుండ్రంగా ఒక పసుపుపచ్చ మెరుపు! అదేమిటో చూడగానే తెలిసిపోయింది.

"అదేమిటి?" అంది ఇంటావిడ.

రమణమ్మే లేచింది. "పసుపు బొట్టు మామా. నేనే పెట్టినా. ఆడమనిషి మొగం బోసిగా ఉంటే మనసొప్పలేదు. మళ్లా భయమేసి తుడిచేసినా."

"దీన్ని తీసేయొచ్చు, రాయికేమీ కాదు," అన్నాను గబగబా.

ఇంటావిడ లైటు వేసింది. "రాయి సంగతి కాదు. కన్నబిడ్డల మీద ఒట్టేసి నాతో అబద్ధమాడింది. ఖలాస్. ఇక నా ఇంట్లో వద్దు."

ఎంత బతిమాలినా వినలేదు. రమణమ్మను ఊరికి పంపేశారు.

తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఎవరి మీదో చెప్పలేను. దీపం వేయకుండా ఉండాల్సిందా? అలా కుదరదు, అది నా పని. కానీ యజమాని ఎదుట నిలబెట్టి అడిగితే, భయంతో వణికే మనిషి ఇంకేం చెబుతుంది?

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా, పెట్టె విప్పకముందే యజమానుల్ని కాసేపు బయట కూర్చోమంటాను. పనివాళ్లతో, "ఏమైనా పూశారా? పూస్తే పూశారు, ముందు నాకు చెప్పండి, నేను సర్దిచెబుతాను," అంటాను. రమణమ్మను ఆ రోజు అలా ఎవరూ అడగలేదు.