కార్తీకమాసం రిపోర్టు

మా అన్నయ్యంటే నాకు ఇప్పటికీ కోపమే. చోడవరంలో ఒక గుండె డాక్టరుగారి క్లినిక్కులో రక్తం తీసి, రిపోర్టులు చేతికిచ్చే పని నాది. వచ్చిన ప్రతివాళ్లకీ కొలెస్ట్రాల్ మాత్ర మానొద్దని నోరు నొప్పెట్టేలా చెబుతాను. అందరిలోకీ వినని మొండిఘటం నా సొంత అన్న.

మా నాన్న యాభై ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. అన్నయ్యకి నలభై ఎనిమిదో ఏట కొలెస్ట్రాల్ బయటపడింది. "ఈ మాత్ర జీవితాంతం వేసుకోవాలి" అన్నారు డాక్టరుగారు. ఆయన ముందు బుద్ధిగా తలాడించి, బయటికొచ్చాక నా మీద పడ్డాడు.

"బతికినన్నాళ్లూ మందేటే? నానేటి రోగిష్టోడినా?"

మా వైపు ఒక అలవాటుంది. తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. చాలామంది కార్తీకమాసమంతా నీసు ముట్టరు. నెల ముగిసి పోలి పాడ్యమి వెళ్లగానే రక్తపరీక్షకి మా క్లినిక్కు ముందు వరస కడతారు. చదివొచ్చిన రోజే పరీక్ష రాసి పాసైపోవాలన్న తెలివి. మిగతా పదకొండు నెలలూ ఏం తింటారని అడిగితే నవ్వేస్తారు.

అన్నయ్యా అలాగే వచ్చాడు. ఆ నెల నీసూ మానాడు, మాత్రా వేసుకున్నాడు. కొలెస్ట్రాల్ దిగింది. నేనిచ్చిన కాగితాన్ని లామినేషన్ చేయించి, వాళ్ల ఊరు బుచ్చయ్యపేటలో టీకొట్టు దగ్గర అందరికీ చూపించాడట. మాత్ర ఆ రాత్రే మానేశాడు. వదిన ఫోన్ చేసి చెబితే వెళ్లి దెబ్బలాడాను.

"మాత్ర ఏసుకున్నావు కాబట్టి దిగింది. మానేత్తే మళ్లీ ఎక్కుతాది."

"కార్తీకమాసం సేసేను, దిగిపోనాది. మీ డాక్టరుబాబు మందులమ్ముకోవాల, నీకు జీతం రావాల. మీ బేరం నా కాడ సాగదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "నాన్నలాగే పో" అనేసి, ఆటో ఎక్కి వచ్చేశాను. ఏడాది దాటినా మాటల్లేవు. కోడికూర తింటాడో, నెయ్యి తాగుతాడో, నాకెందుకు అనుకున్నాను.

మరుసటేడు చెరకు కొట్టే రోజుల్లో పొలంలో గుండె పట్టేసింది. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి గంటసేపు గట్టు మీద పడుకున్నాడట. విశాఖపట్నం చేర్చి స్టెంటు వేయించాం. బతికాడు గాని, గుండె బాగా దెబ్బతింది, ఇక చెరకు మోపు ఎత్తకూడదన్నారు.

మర్నాడు అక్కడి డాక్టరమ్మ గట్టిగానే అడిగింది. "మీ నాన్నగారు గుండెపోటుతో పోయారని తెలిసి కూడా మందెందుకు ఆపారు?"

నేను మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. బాగా అయింది, ఇంకా తిట్టాలి అనుకున్నాను. అన్నయ్య వదినకి సైగ చేశాడు. ఆవిడ సంచిలోంచి ఆ లామినేషన్ కాగితం తీసి డాక్టరమ్మకిచ్చింది. అంకెల చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది. దాని కింద నా చేతిరాత: 'అంతా నార్మల్. ఇక భయం లేదు అన్నయ్యా.'

"మా సెల్లే రాసిచ్చింది డాక్టరమ్మా" అన్నాడు నీరసంగా. "అది క్లినిక్కులోనే పని సేత్తాది. దానికి తెలీదేటి?"

డాక్టరమ్మ నావైపు తిరిగింది. 'మాత్ర మానకు' అన్న రెండు మాటలు రాయడానికి ఆ కాగితం మీద ఇంకా బోలెడు చోటుంది.